పథ్యాలు మిగిలాయి, చేతులే తగ్గాయి

బాలింత గురించి మా చుట్టాల్లో సలహా చెప్పని మనిషి లేరు. ఈ వేసవిలో మా చెల్లికి సిజేరియన్ అయి, గాజువాకలో అమ్మావాళ్ళింటికి వచ్చిన దగ్గర్నుంచి వింటూనే ఉన్నాను. నీళ్ళు ఎక్కువ తాగకూడదు, పప్పు తినకూడదు, ఫ్యాన్ వేయకూడదు, వంగకూడదు, ఏడవకూడదు, ఫోన్ చూడకూడదు. సరే, మరి పిల్ల గుడ్డలు ఎవరు ఉతుకుతారు, రాత్రి రెండింటికి ఎవరు లేస్తారు, చెల్లి నాలుగు ముద్దలు తినేదాకా పిల్లని ఎవరు ఎత్తుకుంటారు అని అడిగితే మాత్రం అక్కడ అమ్మ ఒక్కతే ఉంది. అమ్మకి అరవై దాటాయి, మోకాళ్ళ నొప్పులు, పైగా లిఫ్ట్ లేని అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు.

మా అమ్మమ్మగారి ఊరు చోడవరం వైపు. అమ్మ చెప్పే పాత పురుళ్ళ కబుర్లలో పథ్యం ఎంత ఉంటుందో మనుషులూ అంతే ఉంటారు. వంట చేసే పెద్దమ్మ ఒకరు, పిల్లకి నూనె రాసి కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసే ఆవిడ ఒకరు, గుడ్డలుతికే మనిషి ఒకరు, ఊరికే వచ్చి కూర్చుని పిల్లని ఆడించి పోయే పక్కింటి ముసలమ్మలు ఇద్దరు ముగ్గురు. బాలింత పనల్లా పడుకోవడం, పాలివ్వడం, పెట్టింది తినడం. పురిటి అంటు అని వంటింట్లోకి రానిచ్చేవాళ్ళు కాదు. అంటూ సొంటూ మంచివని నేననను గానీ, ఆ వంకనైనా ఆమెకి పొయ్యి దగ్గర నుంచి సెలవు దొరికేది. ఇప్పుడు ఆ జనం లేరు. పెద్దమ్మలు బెంగళూరులో మనవల దగ్గరున్నారు, పక్కింటివాళ్ళు ఉద్యోగాలకి పోతారు. జనం పోయినా 'కూడదు'లన్నీ మాత్రం ఒక్కటీ పోకుండా ఫోన్లో వచ్చేస్తున్నాయి. మా ఇంట్లో నాకు కనిపించిన అసలు చిక్కు ఇదే.

నీళ్ళ సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే దీని మీదే పెద్ద గొడవైంది. పిల్లకి స్నానం పోయడానికి వచ్చే ఆవిడ మంచి మనిషి, చెయ్యి తిరిగిన మనిషి, కానీ చెల్లి పక్కన సీసా చూస్తే చాలు, "ఏటమ్మా, అన్నేసి నీళ్ళు తాగీసినావేటి, పొట్ట వచ్చీదా?" అనేది. పొట్ట నీళ్ళ వల్ల రాదు. బిడ్డ పుట్టిన వెంటనే గర్భసంచి దాదాపు కిలో బరువుంటుంది, అది కుదించుకుపోయి వంద గ్రాముల లోపుకి రావడానికి సుమారు ఆరు వారాలు పడుతుంది. సాగిన పొట్ట కండరాలు దగ్గరపడటానికి ఇంకా ఎక్కువ టైం పడుతుంది. అప్పటిదాకా పొట్ట ఉంటుంది, ఉండనివ్వండి. నీళ్ళు తగ్గిస్తే వచ్చేవి వేరే: మలబద్ధకం, మూత్రంలో మంట, నోరు పిడచగట్టుకుపోవడం. కుట్లున్న మనిషికి మలబద్ధకం అంటే ఎంత నరకమో పడినవాళ్ళకే తెలుసు. అసలు పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువేస్తుంది, పిల్ల రొమ్ము పట్టగానే గొంతెండిపోతుంది. అందుకని చెల్లి పాలివ్వడానికి కూర్చున్నప్పుడల్లా ఎవరో ఒకరు గ్లాసు అందించాలని మేం రూల్ పెట్టుకున్నాం. వేణ్ణీళ్ళే తాగాలంటే వేణ్ణీళ్ళే తాగనివ్వండి, దానితో నాకు పేచీ లేదు.

పప్పు తింటే కుట్లు చీము పడతాయన్నది రెండోది. నిజానికి గాయం మానడానికి కావాల్సినవే పప్పు, గుడ్డు, పాలు, చేప. పాలిచ్చే మొదటి ఆరు నెలలూ తల్లికి మామూలు కంటే రోజుకి ఇంకో 600 కేలరీలు అవసరమని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. కారప్పొడి, నెయ్యి వేసిన రెండు ముద్దల అన్నంతో ఆ లెక్క ఎక్కడ తేలుతుంది? అలాగని పథ్యం అంతా తీసి పారేయమనను. కరివేపాకు కారం, వెల్లుల్లి కారం, సొంఠి పొడి, వాము నీళ్ళు, బాలింతకని మా అమ్మ నూరిన కాయం మందు, వీటిలో ఏదీ చెల్లికి చేటు చేయలేదు, నోటికి రుచిగా కూడా ఉన్నాయి. వాటితోపాటు మిగతా తిండి కూడా పెట్టమంటున్నానంతే. మన విశాఖలో బాలింతకి పాలసొర వండిపెట్టే అలవాటు చాలా ఇళ్ళల్లో ఉంది, మా మేనత్త హార్బర్ నుంచి తెప్పించి మరీ పంపింది. సొర జాతి చేపల్లో పాదరసం ఎక్కువుండే అవకాశం ఉంది కాబట్టి దాన్ని రోజూ కాకుండా ఎప్పుడైనా ఒకసారికి సరిపెట్టి, మిగతా రోజుల్లో కవళ్ళు, కానాగంతలు లాంటి చిన్న చేపలు పెట్టాం. ధర కూడా తక్కువే. ఇంకోటి, ఐరన్ మాత్రలు. కడుపుతో ఉన్నప్పుడు బుద్ధిగా వేసుకుని, బిడ్డ పుట్టగానే పని అయిపోయినట్టు మానేస్తారు. ప్రసవమయ్యాక కూడా 180 రోజులు వేసుకోవాలని ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది, కాల్షియం కూడా ఆరు నెలలు. ఆశా వర్కర్ వచ్చినప్పుడు అడిగితే ఇస్తారు. ఆవిడ 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వచ్చి తల్లినీ బిడ్డనీ చూడాలి, ఆస్పత్రి నుంచి ఇంకా ఇంటికి రాకపోతే మొదటిది కలవదు. చాలామంది కాన్పు ప్రైవేటు హాస్పిటల్లో అయింది కదా అని ఆవిడకి అసలు చెప్పరు. చెప్పండి.

ఇక మే నెలలో విశాఖపట్నంలో ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, సాంబ్రాణి పొగ వేసిన గదిలో ఒక మనిషిని కూర్చోబెట్టాలన్న ఆలోచన ఎవరిదో గానీ, వాళ్ళని ఒక్క గంట అందులో ఉంచాలి. సముద్రపు ఉక్క ఎలా ఉంటుందో మనకి కొత్తా? తల్లికి చెమటకాయలు, కుట్ల దగ్గర తడి, పిల్లకి ఒళ్ళంతా పొక్కులు. గాలి నేరుగా పిల్ల మీదకి కొట్టకుండా ఫ్యాన్ సన్నగా పెట్టుకుంటే చాలు. నిప్పుల మీద పొగ అయితే మూసిన గదిలో వద్దే వద్దు, పసిబిడ్డ ఊపిరితిత్తులకి అది మంచిది కాదు, నిప్పుల నుంచి వచ్చే విషవాయువుకి వాసన కూడా ఉండదు. సిజేరియన్ అయినవాళ్ళకి మరిగే నీళ్ళు పొట్ట మీద కొట్టడం, పొట్ట పిసకడం, నడికట్టు ఊపిరాడకుండా బిగించడం కూడా వద్దు. కాళ్ళకి, వీపుకి నూనె రాసి మెల్లగా మర్దన చేస్తే మాత్రం హాయిగా ఉంటుంది. చెల్లి రోజు మొత్తంలో కళ్ళు మూసుకుని నవ్వేది ఆ పది నిమిషాలే.

శరీరం గురించి ఎవరూ నోరు తెరిచి చెప్పని విషయాలు కొన్ని ఉన్నాయి, అవి ఇక్కడ రాసేస్తాను. బ్లీడింగ్ మొదటి మూడు నాలుగు రోజులు ఎర్రగా, తర్వాత గోధుమ రంగులో, ఆ తర్వాత తెల్లగా పసుపుగా మారుతూ నాలుగు నుంచి ఆరు వారాలు ఉండొచ్చు, సిజేరియన్ అయినా ఉంటుంది. పాలివ్వగానే పొత్తికడుపులో నొప్పి వస్తే అది గర్భసంచి కుంచించుకునే నొప్పి, రెండో కాన్పులో ఇంకా ఎక్కువ. మూడో రోజు నాలుగో రోజు రొమ్ములు రాళ్ళలా గట్టిపడి జ్వరం వచ్చినట్టుంటుంది, అప్పుడు పాలివ్వడం ఆపకూడదు. దగ్గితే తుమ్మితే మూత్రం పడిపోవడం సిగ్గుపడి దాచాల్సిన విషయం కాదు, పొత్తికడుపు అడుగునుండే కండరాలని బిగించి వదిలే వ్యాయామం ఫిజియోథెరపిస్టు చూపిస్తారు, చాలామందికి తగ్గుతుంది. కింద కుట్లు పడినవాళ్ళు గోరువెచ్చని నీళ్ళ టబ్‌లో కాసేపు కూర్చుంటే ఉపశమనం. మూడో నెలలో జుట్టు కుప్పలుగా ఊడితే తలస్నానం వల్లా కాదు, గాలి వల్లా కాదు, హార్మోన్లు పడిపోవడం వల్ల. ఏడాది తిరిగేసరికి చాలామందికి మామూలవుతుంది. సిజేరియన్‌కి వెన్నులో ఇచ్చిన ఇంజెక్షన్ వల్లే జీవితాంతం నడుం నొప్పి అన్నది కూడా నమ్మకండి. గంటల తరబడి ముందుకి వంగి పాలివ్వడమే నడుం విరగ్గొడుతుంది, వెనకాల ఒక దిండు, ఒళ్ళో ఒక దిండు పెట్టి చూడండి.

ఇంట్లో ఉన్నవాళ్ళకి తెలిసి తీరాల్సినవి ఇంకొన్ని. గంటకో ప్యాడ్ పూర్తిగా తడిసిపోతున్నా, నిమ్మకాయ కంటే పెద్ద గడ్డలు పడుతున్నా, 100.4 దాటి జ్వరం వచ్చినా, దుర్వాసన వస్తున్నా, కుట్ల నుంచి చీము కారుతున్నా, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెడుతున్నా, ఊపిరి అందకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, తల పగిలిపోతూ కళ్ళు మసకబారినా 'బాలింతకి ఇవన్నీ మామూలే' అని పడుకోబెట్టకండి, అప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్ళండి, బండి లేకపోతే 108. ఆ తలనొప్పి బీపీది కావచ్చు. కడుపుతో ఉన్నప్పుడు లేని బీపీ కూడా ప్రసవమయ్యాక రావచ్చు, ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మన విశాఖలో కేజీహెచ్, అంటే కింగ్ జార్జ్ ఆస్పత్రి ఉంది, వన్ టౌన్‌లో ఆడవాళ్ళకీ పిల్లలకీ విక్టోరియా ఆస్పత్రి ఉంది, అదే పెద్దవాళ్ళు ఘోషాస్పత్రి అంటారు. ఏం లేకపోయినా చెకప్‌లు మానకూడదు. మొదటి ఆరు వారాల్లో కనీసం మూడు సార్లు డాక్టరో నర్సో చూడాలని, అంటే రెండు మూడు రోజులకి, వారం రెండు వారాల మధ్యలో, ఆరో వారంలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. మనవాళ్ళు బిడ్డ టీకాలకి ఠంచనుగా వెళ్తారు, తల్లిని మాత్రం 'బాగానే ఉంది కదా' అని ఇంట్లో వదిలేస్తారు.

ఏడుపు గురించి ఇప్పుడు. చెల్లి నాలుగో రోజు సాయంత్రం ఏ కారణమూ లేకుండా ఏడ్చింది. "అక్కా, ఎందుకో తెలీట్లేదు, ఏడుపొస్తోంది" అంది. పక్కనున్న ఒక పెద్దావిడ వెంటనే "బాలింత ఏడిస్తే కళ్ళు పోతాయి, ఊరుకో" అని కసిరింది. బిడ్డ మాయ బయటికి రాగానే అప్పటిదాకా ఒంట్లో ఎక్కువగా ఉన్న హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి, దానికి నిద్రలేమి, నొప్పి, భయం తోడవుతాయి. ప్రసవమైనవాళ్ళలో ఎక్కువమందికి రెండు మూడు రోజులకి ఇలా మొదలై రెండు వారాల లోపు అదే తగ్గిపోతుంది. దీనికి మందు అక్కర్లేదు, పక్కన ఒక మనిషి కూర్చుని ఏడవనిస్తే చాలు. రెండు వారాలు దాటినా తగ్గకపోతే సంగతి వేరు. ఏదీ చేయబుద్ధి కాకపోవడం, బిడ్డ పడుకున్నా తనకి నిద్ర పట్టకపోవడం, బిడ్డ ఊపిరి తీస్తోందో లేదో అని నిమిషానికోసారి చూసుకోవడం, 'నేను పనికిమాలిన తల్లిని' అని పదే పదే అనడం, బిడ్డని ముట్టుకోవాలని లేకపోవడం, చచ్చిపోతే బాగుండుననిపించడం, ఇవి పొగరూ కావు, నటనా కావు, పుట్టింటివాళ్ళ గారాబమూ కాదు. అది డిప్రెషన్. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చిన ఒక సమీక్ష మన దేశంలో కాన్పైన తల్లుల్లో దాదాపు 22 శాతం మందికి ఇది ఉంటుందని లెక్కగట్టింది. అంటే మన వీధిలో ఒకే ఏడాది ఐదుగురికి కాన్పైతే అందులో ఒకరు. ఎవరో మీరే ఆలోచించుకోండి.

ఈ డిప్రెషన్ ఉందేమో చూడటానికి డాక్టర్లు ఎడిన్‌బరో స్కేల్ అని పది ప్రశ్నలు అడుగుతారు, పది నిమిషాలు కూడా పట్టదు. అడగకపోతే మీరే అడిగించుకోండి. రక్తహీనత, థైరాయిడ్ కూడా ఇలాంటి నీరసాన్నీ దిగులునీ తెస్తాయి కాబట్టి ఆ రక్తపరీక్షలు కూడా చేయించండి. కౌన్సెలింగ్‌తో చాలామందికి తగ్గుతుంది, అవసరమైతే పాలిస్తూ కూడా వాడుకోగలిగే మందులున్నాయి, డాక్టర్ చెప్తారు. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు. మన ఊళ్ళో ఇంకో ఇబ్బంది ఉంది, చినవాల్తేరు పేరు ఎత్తితే చాలు మొహాలు మారిపోతాయి. అక్కడున్న ప్రభుత్వ మానసిక వైద్యశాలని జోకులకి వాడినంతగా వైద్యానికి వాడుకోం. కేజీహెచ్‌లో కూడా సైకియాట్రీ విభాగం ఉంది, ఆ గేటు దగ్గర మిమ్మల్ని ఎవరూ గుర్తుపట్టరు, అదన్నా చేయండి. ఇక చాలా అరుదుగా, వెయ్యి మందిలో ఒకరిద్దరికి, కాన్పైన మొదటి రోజుల్లోనే మతి చలించినట్టు అవుతుంది: రోజులు రోజులు నిద్రపోకుండా ఉత్సాహంగా తిరగడం, లేని మాటలు వినిపించడం, బిడ్డ గురించి వింత అనుమానాలు. దాన్ని గాలి సోకిందని తాయెత్తు కట్టించి రోజులు వృథా చేయకూడదు, ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, తల్లిని బిడ్డతో ఒంటరిగా వదలకూడదు. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో తల్లినీ బిడ్డనీ కలిపే ఉంచి వైద్యం చేసే వార్డు 2009 నుంచి నడుస్తోంది. సరైన వైద్యం అందితే ఇది నయమవుతుంది.

నిద్ర గురించి రాయకపోతే పై రాతలన్నీ దండగ. నేను సీతమ్మధార నుంచి ఆఫీసు అయ్యాక వెళ్ళేదాన్ని, వారంలో అన్ని రోజులూ కుదిరేది కాదు. వెళ్ళినరోజు నేను చేసే పని ఒక్కటే: చెల్లి పాలిచ్చేశాక పిల్లని హాల్లోకి తెచ్చేసి తలుపు మూసేసేదాన్ని. మధ్యలో పిల్ల ఏడిస్తే తేన్పు తెప్పించడం, గుడ్డ మార్చడం, భుజం మీద వేసుకుని అటూ ఇటూ తిరగడం నాది, మళ్ళీ ఆకలేస్తేనే తలుపు తీసేది. మూడు గంటలు ఏకధాటిగా నిద్రపోయిన మర్నాడు చెల్లి మొహం వేరేగా ఉండేది. వచ్చిన చుట్టాల్లో చాలామంది దీనికి సరిగ్గా ఎదురు చేస్తారు. పడుకున్న పిల్లని ఎత్తుకుని ముద్దాడి లేపి, ఏడవగానే "పాలకే ఏడుస్తోంది, నీ పాలు చాలట్లేదేమో, డబ్బా పాలు పట్టు" అని తల్లి ఒళ్ళో పెట్టి టీ తాగి వెళ్ళిపోతారు. పాలు చాలుతున్నాయో లేదో చుట్టాలు చెప్పలేరు, తడిసిన గుడ్డలు చెప్తాయి. ఐదో రోజు దాటాక రోజుకి ఆరు సార్లైనా ఉచ్చ పోసి, రెండు వారాలకి పుట్టినప్పటి బరువుకి వచ్చేస్తే చాలుతున్నట్టే. ఇంకో చుట్టం "మళ్ళీ ఆడపిల్లేనా, పోన్లే" అంది. చెల్లికిది రెండో పాప. ఆ 'పోన్లే' వెంట నాలుగు రోజుల ఏడుపు నడిచింది. అలాంటివాళ్ళని గుమ్మంలోనే ఆపే పని మా నాన్న తీసుకున్నాడు, "డాక్టర్ ఎవర్నీ కలవనివ్వద్దన్నారండీ" అని ఒకే మాట. డాక్టర్ అలా అనలేదు. ఎవరికి తెలుసు!

మీరు బాలింతని చూడటానికి వెళ్తుంటే స్వీట్లు, పిల్లకి గౌను మానేసి, రెండు పూటలకి సరిపడా కూర గిన్నెతో సహా పట్టుకెళ్ళండి, గిన్నె మీరే తోమి తెచ్చుకోండి. పెద్దపాపని ఒక సాయంత్రం బీచ్‌కి తీసుకెళ్ళండి, అది కూడా బాలింతకి చేసిన సాయమే. చెల్లి పెద్దది నాలుగేళ్ళది, అమ్మ తనని పట్టించుకోవట్లేదని గోడల మీద గీతలు గీస్తోంది పాపం. పిల్లని ఎత్తుకుంటానని అడిగే ముందు బట్టలు ఆరేయాలా అని అడగండి.

మా మరిదికి పరవాడలో ఫార్మా కంపెనీలో షిఫ్టుల ఉద్యోగం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి భార్య ప్రసవానికి 15 రోజుల సెలవుంది, ప్రైవేటులో తండ్రికి అలాంటి చట్టమేదీ లేదు, కాబట్టి అతనికి దొరికింది ఆదివారాలే. మొదట్లో వచ్చి అల్లుడి మర్యాదల్లో కూర్చునేవాడు, అమ్మ మోకాళ్ళతో అతనికి వేరే కూర వండేది. ఒకరోజు నేనే పక్కకి పిలిచి అడిగాను, "బాబూ, నువ్వు వచ్చినరోజు అమ్మకి పని పెరుగుతోందా తగ్గుతోందా?" అని. అతనికి కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. ఎవరూ ఏమీ చేయనివ్వట్లేదు వదినా, గిన్నె ముట్టుకుంటే అత్తయ్యగారు లాగేసుకుంటున్నారు అన్నాడు. అదీ నిజమే. అల్లుడితో పని చేయిస్తే పరువు పోతుందని అమ్మ పట్టుదల. ఆ తర్వాత ఒప్పందం ఇలా కుదిరింది: మధ్యాహ్నం మొదలయ్యే బి షిఫ్ట్ ఉన్న వారాల్లో అతను పొద్దున్న వచ్చి పదకొండు దాకా పిల్ల అతని దగ్గరే, గుడ్డలు అతనే మెషీన్లో వేస్తాడు, అమ్మ ఆ టైంలో పడుకుంటుంది. అమ్మ ఇప్పటికీ పడుకోదు, వంటింట్లోంచి తొంగి చూస్తూ పిల్ల మెడ సరిగా పట్టుకోమని అరుస్తూ ఉంటుంది.

మూడో నెల వెళ్ళగానే చెల్లి అత్తారింటికి పెందుర్తి వెళ్తుంది. అక్కడ అత్తగారు ఒక్కరే, ఆవిడకి బీపీ. స్కూల్లో చెల్లికి 26 వారాల జీతంతో కూడిన సెలవు చట్టప్రకారం వస్తుంది, రెండో కాన్పు వరకూ అంతే, యాజమాన్యం 12 వారాలే అని ఒకసారి అన్నా ప్రసూతి సెలవు చట్టానికి 2017లో చేసిన సవరణ కాగితం చూపించాక ఒప్పుకుంది. సెలవు ఉందంటే ఇల్లంతా ఆమె మీదే పడుతుందని నా అనుమానం. అందుకని సామాన్ల కంటే ముందు పొద్దుటిపూట నాలుగు గంటలకి ఒక పనమ్మాయిని కుదుర్చుకోమని మరిదికి చెప్పాను, మొదటి మూడు నెలల జీతం నేనూ నాన్నా ఇస్తామన్నాం, పిల్లకి బంగారు గొలుసు బదులు. గొలుసు పెట్టకపోతే నలుగురూ ఏమనుకుంటారని అమ్మ ఇంకా సణుగుతోంది. పెందుర్తిలో ఎవరైనా నమ్మకమైన మనిషి తెలిస్తే చెప్పండి, ఆగస్టు నుంచి కావాలి.